మొలకలు ఆపిన కాంతి

విశాలాక్షి విశాఖలో జగదాంబ సెంటర్ దగ్గర చీరల కొట్లో పనికి కుదిరినప్పుడు ఆమెకి పందొమ్మిదేళ్లు. తల్లి పోయి అప్పటికి ఆర్నెల్లయింది. తండ్రి అంతకు ముందే లేడు. చెల్లెలు ఇందుమతి ఆరో తరగతి చదువుతోంది. ఆ కొట్లో చీరలు కొనడానికి వచ్చినవాళ్లకి మెత్తటి కుర్చీలుండేవి. చూపించేవాళ్లకి మాత్రం కూర్చునే హక్కు లేదు. బేరం లేని వేళ కాసేపు గోడకి చేరగిలబడినా యజమాని గొంతు సవరించుకునేవాడు.

అలా పాతికేళ్లు నిలబడింది విశాలాక్షి. ఆ పాతికేళ్లలోనే చెల్లెలు పెద్ద చదువులు చదివి లేజర్ శాస్త్రవేత్త అయింది. పోర్టులో క్రేన్ నడిపే ఈశ్వరరావుతో విశాలాక్షికి పెళ్లయింది. ఒక్కతే కూతురు, సుమేధ, పన్నెండో ఏట పడింది.

నిలబడిన కాళ్లు మాత్రం ఊరుకోలేదు. పిక్కల మీద, మోకాళ్ల వెనక ఊదారంగు గీతలు సన్నగా పుట్టి, ఒకదానికొకటి అల్లుకుని సాలెగూళ్లలా పరుచుకున్నాయి. సాయంత్రానికి మంటలు. మంట కన్నా సిగ్గు ఎక్కువ. చీర అంచు నేల రాసుకునేలా కట్టేది. పేరంటానికి వెళితే కాళ్లు ముడుచుకుని కూర్చునేది. ఒకసారి ఎవరో చెబితే క్లినిక్‌కి వెళ్లి లేజర్ పెట్టించుకుంది. గీతలు పోయాయి. ఏడాది తిరిగేసరికి వాటి పక్కనే కొత్తవి లేచాయి.

"కరెంటు బిల్లులాగ మళ్లీ వచ్చీసినాయే అమ్మా," అని సుమేధ నవ్వింది. విశాలాక్షి కూడా నవ్వింది కానీ చీర కుచ్చెళ్లు కిందికి లాక్కుంది. అక్కడే ఉన్న ఇందుమతి ఆ చెయ్యి చూసింది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఇందుమతి ఆ పని మీదే కూర్చుంది. ఉన్న లేజర్లు కంటికి కనిపించే నరాన్ని కాల్చి మూసేస్తాయి. ఒంటికి అది గాయంలాగే లెక్క. గాయమైన చోటికి నెత్తురు పంపడానికి పక్కనున్న నాళాల గోడల్లోంచి కొత్త మొలకలు లేస్తాయి. అవే మళ్లీ సాలెగూళ్లు. కాల్చడం కాదు, ఆ మొలకలు లేవకుండా చూడాలి. అందుకని నెత్తుట్లోకి ఒక రంగు మందు ఎక్కించి, అది నాళాల గోడలకి పట్టుకున్నాక కాలి మీద ఒక ప్రత్యేకమైన ఎర్రటి కాంతి వేసింది. ఆ కాంతి తగిలిన గోడలు ఇక మొలకెత్తడం మానేశాయి. ఎలుకల మీద అయింది, కుందేళ్ల మీద అయింది. మనుషుల మీద ప్రయత్నించడానికి అనుమతి వచ్చింది.

"నన్ను ముందు పెట్టీ," అంది విశాలాక్షి.

"వేరేవాళ్లు చాలామంది ఉన్నారక్కా. నువ్వెందుకు?"

"ఊళ్లోవాళ్ల కాళ్ల మీద చేసీసి, బాగుంటే అప్పుడు నాకు చేస్తావేటి? అదేం మర్యాదే?"

బీచ్ రోడ్డు మీద, మేడల వెనకున్న పరిశోధన కేంద్రంలో, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని బల్ల మీద బోర్లా పడుకుంది విశాలాక్షి. ఇన్నేళ్లలో భర్త ముందు, ఒకసారి ఆ క్లినిక్‌లో తప్ప ఎవరి ముందూ మోకాళ్ల దాకా చీర ఎత్తని మనిషి. ఎర్రటి చుక్క పిక్క మీద పాకుతుంటే, "చీమ కుట్టినట్టు కూడా లేదే. పనిచేస్తన్నాదా ఇది?" అని అడుగుతూనే ఉంది.

పనిచేసింది. రెండు నెలలకి గీతలు వెలిసిపోయాయి. ఏడాదికి కూడా ఒక్కటీ తిరిగి రాలేదు. కాలిన మచ్చ లేదు, వాపు లేదు. మొదటి జట్టులో ఉన్న నర్సులు, టీచర్లు, ఇస్త్రీ బండి ఆడవాళ్లు, అందరిదీ అదే మాట. ఇందుమతి రాసిన నివేదికలో ఆఖరి వాక్యం, ఈ చికిత్స సురక్షితం, సఫలం అని.

ఆ ఆదివారం అందరూ భీమిలి వెళ్లారు. విశాలాక్షి చీర మోకాళ్ల కిందికి దోపుకుని నీళ్లలో నిలబడింది. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా కేక పెట్టింది. "నాన్నా, అమ్మ కాళ్లు చూడు, సినిమా హీరోయిన్‌వి," అని సుమేధ ఒడ్డు మీద నుంచి అరిచింది. ఈశ్వరరావు సిగ్గుపడి వేరుశనక్కాయల బండి వైపు తిరిగాడు. ఇందుమతి ఇసకలో కూర్చుని అక్కనే చూస్తూ ఉండిపోయింది. తన జీవితంలో అక్క కోసం చేసిన ఒకే ఒక పని అది.

మూడేళ్లు గడిచేసరికి ఆ కాంతి వేయించుకున్నవాళ్లు నాలుగు వందలు దాటారు.

ఒక మధ్యాహ్నం జంతుశాల చూసే పశువైద్యురాలు ముంతాజ్ ఇందుమతిని పిలిచింది. ఇద్దరూ చేరిన కొత్తలోనే స్నేహితులయ్యారు. రెండేళ్ల కిందట కాంతి వేసిన ఎలుకలు కొన్ని ముసలివై ఇంకా బతికే ఉన్నాయి. వాటి చెవులకున్న పాత గుర్తుబిళ్లలు తీసి అంతకు ముందు నెల కొత్తవి గుచ్చింది ముంతాజ్.

"ఈ చెవి చూడు ఇందూ. గుచ్చి నెల దాటింది."

చిన్న చిల్లు. చీము లేదు, ఎరుపు లేదు. నిన్న గుచ్చినట్టు శుభ్రంగా, పొడిగా తెరుచుకుని ఉంది.

"వీటి కాళ్ల మీద కదా మనం కాంతి వేసింది?" అంది ఇందుమతి.

"కాళ్ల మీదే. ఇది చెవి. అదే నా భయం."

సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. మానే గాయం అంచున దారపు పోగుల్లాంటి కొత్త నాళాలు కనిపించాలి. ఒక్కటీ లేదు. కాలిలో మొలకెత్తడం మానేసిన గోడలు, మొలకెత్తవద్దన్న సంకేతాన్ని నెత్తుట్లోకి వదిలాయి. నెత్తురు దాన్ని ఒళ్లంతా తిప్పింది. మూడేళ్లూ వీళ్లు అందరి కాళ్లూ చూశారు. కాళ్లు తప్ప ఇంకేమీ చూడలేదు.

"ముసలి ఎలుకలు కదా. ఇంకొక జట్టు మీద చూసి అప్పుడు చెబుదాం," అంది ఇందుమతి. ముంతాజ్ ఆమె మొహంలోకి చూసి, ఎలుకని తిరిగి బోనులో పెట్టింది.

ఆ సాయంత్రం ఇందుమతి తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది. విశాలాక్షి ఎడమ చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏటైందక్కా వేలికి?"

"ములక్కాడలు కోస్తంటే కత్తిపీట తగిలింది. ఎప్పుడో మొన్న పండక్కి. మానదేటో, వెధవ వేలు."

ఇందుమతి గుడ్డ విప్పింది. పండగ వెళ్లి నెల దాటింది. వేలి మీద శుభ్రంగా, పొడిగా తెరుచుకున్న చీలిక.

"షుగర్ చూపించుకో," అని మాత్రం అనగలిగింది. మళ్లీ గుడ్డ చుట్టింది. కొత్త జట్టు ఎలుకల ఫలితం వచ్చాక చెబుదామనుకుంది.

ఫలితం రాకముందే సుమేధకి కామెర్లు వచ్చాయి. మత్స్యశాస్త్రం చదువుతున్న పిల్ల, తోటివాళ్లతో పడవల రేవుల వెంట తిరిగి వచ్చి వాంతులు మొదలుపెట్టింది. మామూలు కామెర్లే, పత్యం ఉంటే పోతాయన్నారు. వారం తిరక్కుండానే మాట తడబడింది. నాన్నని పట్టుకుని పిన్నీ అని పిలిచింది. ఆస్పత్రిలో చేర్చిన రోజే, లివర్ పూర్తిగా దెబ్బతిందని, మార్చకపోతే నాలుగైదు రోజుల కన్నా ఆగదని చెప్పారు. చనిపోయినవారి అవయవాల కోసం జాబితాలో పేరు రాయించారు. అక్కడ ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంట్లోవాళ్ల నెత్తురు పరీక్షించారు. ఈశ్వరరావుదీ ఇందుమతిదీ గ్రూపు కలవలేదు. విశాలాక్షిది కలిసింది.

శస్త్రచికిత్స చేసే డాక్టర్ పరాంకుశం అందరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. "సగానికి పైగా తీసి అమ్మాయికి పెడతాం. భయపడకండి. ఒంట్లో మళ్లీ పెరిగే అవయవం ఇదొక్కటే. మీకు మిగిలిందీ పెరుగుతుంది, అమ్మాయికి పెట్టిందీ పెరుగుతుంది. రెండు మూడు నెలల్లో ఇద్దరికీ నిండుగా ఉంటుంది."

"ఓస్, ఇంతేనా," అంది విశాలాక్షి. చాలా రోజుల తర్వాత ఆమె మొహం తేటపడింది. "ఎప్పుడు రమ్మంటారు?"

"రేపు పొద్దున్నే."

పెరుగుతుంది అన్న మాట దగ్గరే ఇందుమతి ఆగిపోయింది. లివర్ పెరగాలంటే ముందు దాంట్లో కొత్త నాళాలు మొలకెత్తాలి. అవి లేకపోతే మిగిలింది మిగిలినట్టే ఉంటుంది. పొట్ట కోసిన చోట ఎలుక చెవిలాగే తెరుచుకుని ఉంటుంది.

వార్డు తలుపు దగ్గరికి వెళ్లింది. గాజు పలకలోంచి అక్క కనిపించింది. మత్తుగా పడి ఉన్న కూతురి జుట్టు చిక్కు తీసి, రెండు జడలు వేస్తోంది. తల్లి పోయిన ఏడు ఇందుమతికి కూడా అలాగే, రోజూ కొట్టుకి వెళ్లే ముందు, నోట్లో రిబ్బను పట్టుకుని రెండు జడలు వేసేది. ఇందుమతి తలుపు మీద చెయ్యి వేసింది. లోపలికెళ్లి సంగతి చెబితే అక్క ఏమంటుందో ఆమెకి తెలుసు. సరే, రేపు పొద్దున్నే కదా, అంటుంది.

తలుపు తీయలేదు. వెనక్కి తిరిగి డాక్టర్ గదికి వెళ్లింది.

పరాంకుశం ఎలుకల ఫొటోలు చూశాడు. వేలి సంగతి విన్నాడు.

"మీ అక్కగారికి తెలుసా ఇది?"

"తెలీదు."

"ముందు ఆవిడకి కదమ్మా చెప్పాల్సింది." కుర్చీలో ముందుకి వంగాడు. "అనుకున్నంత పెద్ద ముక్క తీయడం ఇక కుదరదు. చిన్న ముక్క తీస్తే ఆవిడకి చాలినంత మిగులుతుంది. కోత మానదు కాబట్టి గండమే, కానీ పూర్తిగా ఆశ లేదనను. అయితే ఆ చిన్న ముక్క అమ్మాయికి చాలాలంటే అమ్మాయి ఒంట్లో అది పెరగాలి. ఇదొక్కటీ మీరు చెప్పాలి నాకు. కాంతి తగిలిన మనిషి ముక్కని కాంతి తగలని మనిషిలో పెడితే పెరుగుతుందా? పెరిగేటట్టయితే నేనిప్పుడే వెళ్లి ఆవిడతో మాట్లాడతాను, నిర్ణయం ఆవిడది. పెరగకపోతే మాట్లాడేందుకే ఏమీ లేదు."

అది ఎవరూ ఎప్పుడూ చేసి చూడలేదు. పెరగవచ్చు. పెరగకపోవచ్చు. తెలీదు అన్న ఒక్క మాట చెబితే ఆయన లేచి వార్డుకి వెళతాడు. జడ వేస్తున్న మనిషి తలెత్తి, సరే అంటుంది.

"పెరగదు," అంది ఇందుమతి.

"ఖాయమేనా?"

"పెరగదండీ."

సాయంత్రం పరాంకుశం వచ్చి, శస్త్రచికిత్స కుదరదని చెప్పాడు. కారణం కూడా చెప్పాడు. విశాలాక్షి ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆయన కాళ్ల మీద పడబోయింది. "నేను పోతే పోనాను బాబూ, కాయితం రాసి ఇచ్చీమంటే ఇచ్చీస్తాను. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి," అంది. ఇద్దరూ పోతారమ్మా, అన్నాడు ఆయన. ఆ మాటతో ఆమె ఆగిపోయింది. చెల్లెలి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. "వేరే ఏదో ఒకటి చెయ్యే ఇందూ. నువ్వు చదువుకున్నావు కదా," అని బతిమాలింది.

చెయ్యడానికి ఏమీ లేదు. మర్నాడు ఎక్కడినుంచీ కబురు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పొద్దున్న, నర్సులు డ్యూటీ మారే వేళ, సుమేధ పోయింది. రెండు జడలూ ఊడకుండా అలాగే ఉన్నాయి. ఈశ్వరరావు కూతురి పాదాలు రెండు చేతుల్లో పట్టుకుని, "చల్లబడిపోనాయి, దుప్పటి కప్పండి," అని అందరినీ అడుగుతూ ఉన్నాడు.

ఇందుమతి ఆ కాంతిని ఆపించింది. కేంద్రం పెద్ద, ప్రొఫెసర్ కృపాకర్, మొదట కాస్త ఆగి చూద్దామన్నాడు. కొత్త జట్టు ఎలుకల ఫలితం రావడంతో ఆయనే అన్ని ఆస్పత్రులకీ కబురు పంపాడు. నాలుగు వందల మందికీ పిలిచో ఫోన్ చేసో చెప్పారు, దెబ్బ తగలకుండా చూసుకోండి, ఏ ఆపరేషన్‌కైనా ముందు ఈ సంగతి డాక్టరుకి చెప్పండి అని. ఒక నర్సు ఏడ్చింది. ఒక టీచరు తిట్టి ఫోన్ పెట్టేసింది. ఇందుమతి అన్నీ విన్నది.

కానీ డాక్టర్ అడిగిన ఆ ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ ఆడవాళ్లలో ఎవరికైనా రేపు అదే అవసరం రావచ్చు. తెలుసుకోక తప్పదు. ముంతాజ్ ఎలుకల మీద చేసింది. కాంతి వేసిన ఎలుకల నుంచి చిన్న లివర్ ముక్కలు తీసి, కాంతి తగలని ఎలుకల్లో పెట్టింది. వారాలు గడిచాయి.

ఒకరోజు ముంతాజ్ తలుపు దగ్గరికేసి వచ్చి కూర్చుంది. చాలాసేపు చేతి తొడుగులు తీస్తూనే ఉంది.

"ముక్కలిచ్చిన ఎలుకల్లో ఎక్కువ పోయాయి. కోత మానలేదు. కొన్ని మాత్రం బతికాయి."

"పుచ్చుకున్నవి?"

"అన్నీ బతికాయి ఇందూ. వాటి సొంత నెత్తురు వచ్చి ముక్కలోకి కొత్త నాళాలు వేసింది. ముక్కలన్నీ పెరిగాయి."

ఇందుమతి తల వంచుకుని బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది. ముంతాజ్ వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. "ఇది వేరేవాళ్లకి ఉపయోగం కోసం చేసిన పని. మీ అక్కకి చెప్పకు. చెప్పి ఎవరికి ఏం ఒరుగుతుంది?"

ఇందుమతికి కూడా చెప్పకూడదనే ఉంది. రెండు రోజులు అలాగే ఉంది. కానీ, అన్నం ముందు కూర్చున్నా, ఫోన్ తీసినా, అక్కకి చెప్పకుండా డాక్టర్ గదికి నడిచిన ఆ వరండానే కళ్ల ముందు కనిపించింది. మళ్లీ రెండోసారి అలా నడవలేననుకుంది.

విశాలాక్షి అప్పటికి మళ్లీ కొట్టుకి వెళుతోంది. ఇంట్లో ఉండలేకపోతున్నానంది. మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డ వేళ ఇందుమతి వెళ్లింది. పొద్దున్నుంచి చూపించిన చీరలు బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. విశాలాక్షి ఒక్కొక్కటే దులిపి మడతపెడుతోంది. వేలికి ఇంకా గుడ్డ ఉంది.

"తిన్నావా?" అని అడిగింది చెల్లెలిని.

ఇందుమతి బల్లకి ఇవతల నిలబడి చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తగా చెప్పలేదు. విశాలాక్షి మడతపెడుతూనే విన్నది.

"అయితే ముక్క పెరిగేది."

"పెరిగేదక్కా."

"పిల్ల బతికేది."

"బతికేది."

"నేను?"

"చెప్పలేను. బతకకపోవడమే ఎక్కువ. బతకనూ వచ్చు."

విశాలాక్షి ఇంకో చీర అందుకుంది. కొంగు వెతికింది, దొరకలేదు. చీరంతా తిరగేసింది.

"ఆ రోజు డాక్టరు అడిగితే పెరగదన్నావు. అప్పుడు నీకు తెలుసేటి, పెరగదని?"

ఈ ప్రశ్న వస్తుందని ఇందుమతికి తెలుసు. దారంతా దీనికి జవాబు కూడబలుక్కుంటూనే వచ్చింది.

"తెలీదు."

"తెలీదని ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నిన్ను అడుగుతాడు. నువ్వు సరే అంటావు."

"అంటాను." విశాలాక్షి గొంతు పెంచలేదు. "అంటానని తెలుసు కాబట్టి నన్ను అడగనివ్వలేదు."

"నువ్వు లేకుండా నేను ఉండలేనక్కా."

చీర ఆమె చేతుల్లో సగం మడతలో ఆగిపోయింది. చెల్లెలి మొహంలోకి చూసింది. ఏదో పెద్ద మాట అనబోయి, దాన్ని మింగేసి, చాలా నెమ్మదిగా అంది.

"నాదీ అంతేనే. పిల్ల లేకుండా నేనూ ఉండలేను. ఆ సంగతి నీకు తోచలేదా?"

ఇందుమతి బల్ల మీది చీరల కేసి చూసింది.

"బావకి చెప్పకు," అంది విశాలాక్షి. "ఆయన ఓర్చుకోలేరు. ఇంటికి కూడా రాకు, కొన్నాళ్లు. ఎన్నాళ్లో నాకూ తెలీదు."

అద్దాల తలుపు తెరుచుకుంది. ఒక తల్లీ కూతురూ లోపలికి వచ్చారు. నిశ్చితార్థానికి చీర కావాలట. విశాలాక్షి కొంగుతో మొహం ఒత్తుకుని, "రండమ్మా, కూచోండి. ఏ రంగు అనుకుంటన్నారు?" అంటూ వాళ్ల వైపు నడిచింది.

ఇందుమతి తలుపు దాకా వెళ్లి ఆగింది. కూతురిని అద్దం ముందు నిలబెట్టి, వంగపండు రంగు పట్టుచీర కొంగు ఆమె భుజం మీదుగా వేసింది విశాలాక్షి. కుచ్చెళ్లు పట్టింది. అద్దంలో ఇద్దరి మొహాలూ పక్కపక్కన కనిపించాయి. ఆ పిల్లకి ఇరవై ఏళ్లుంటాయి. అటూ ఇటూ తిరిగి చూసుకుని, "బాగుందా ఆంటీ?" అని అడిగింది.

విశాలాక్షి కొంగు సర్దడం అయిపోయింది. చెయ్యి మాత్రం ఆ పిల్ల భుజం మీదే ఉండిపోయింది. పిల్ల ఇబ్బందిగా తల్లి వైపు చూసింది. తల్లి లేచి వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది.

"బాగుంది తల్లీ. నీకు చాలా బాగుంది," అంది విశాలాక్షి అద్దంలోకే చూస్తూ. చెయ్యి తీయలేదు.